అడుగంటిన కూర

మా బావకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెళ్ళయిన కొత్తలో మా అక్క కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేది. ఇప్పుడు చెప్పదు. ఆ కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలుసు. పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. పోవడానికి సగం కారణం కూడా నేనే. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి. అక్కని చెప్పమంటే తమ్ముడన్న ప్రేమ కొద్దీ నన్ను ఇందులోంచి తప్పించేస్తుంది.

బావ వంటమాస్టరు. బస్సు డిపో ఎదురుగా తొమ్మిది బల్లల హోటల్లో ఇరవై రెండేళ్ళు వండాడు. నేను అక్కడ సర్వర్ని. ఆ ఉద్యోగం ఆయన వేయించిందే కాబట్టి రోజుకు నాలుగుసార్లు నన్ను తిట్టే హక్కు ఆయనకుందని ఇద్దరమూ ఒప్పుకున్నాం. ఆ హోటలుకు జనం వచ్చేది ఒకే ఒక్క కూర కోసం. చిక్కుడు గింజలు, టమాటాలు, బాగా వేగిన ఉల్లిపాయలు, అంతే. అన్నంతో తినేవాళ్ళు అన్నంతో, రొట్టెతో తినేవాళ్ళు రొట్టెతో తినేవారు. అందులో ఏం వేస్తారని ఎవరైనా అడిగితే బావ దాచుకోకుండా చెప్పేవాడు. వాళ్ళు ఇంటికెళ్ళి చేసుకుని, మర్నాడు మళ్ళీ హోటలుకే వచ్చేవారు.

"కూర చెయ్యడం అందరికీ వస్తుందిరా. దించడం రావాలి" అనేవాడు బావ.

ఆయన గుండిగ మూత తీసి చూసేవాడు కాదు. వినేవాడు. గింజలు ఉడికి గుజ్జు చిక్కబడేకొద్దీ ఆ ఉడుకు చప్పుడు బరువెక్కుతుంది. అది ఒక తీరుకు రాగానే, ఎవరితో మాట్లాడుతున్నా మధ్యలో ఆపేసి, రెండు గుడ్డలు పట్టుకుని గుండిగ దించేసేవాడు. ఒక్క నిమిషం ఆగమంటే గరిటె విసిరేవాడు. రెండు మూడు గరిటెలు నేనూ కాచుకున్నాను. ఎప్పుడైనా అడుగంటితే దానికో పద్ధతి ఉంది. గరిటె అడుగుకు తగలకుండా పైపైన కూర వేరే గిన్నెలోకి వంచేసుకోవాలి. మాడింది గుండిగతో సహా పెరట్లోకి పోవాలి. ఆ పూట ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు.

తర్వాత డబ్బాలు వచ్చాయి. అట్టపెట్టెలో ప్లాస్టిక్ పళ్ళెం, పళ్ళెం మీద పల్చని పొర, లోపల గడ్డకట్టిన భోజనం. పొరకు ఫోర్కుతో నాలుగు చిల్లులు పొడిచి మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాలు పెడితే చాలు. మొదట్లో మేం నవ్వుకున్నాం. ఆరు నెలలయ్యేసరికి మధ్యాహ్నం షిఫ్టు డ్రైవర్లు కనబడడం మానేశారు. ఆ తర్వాత ఆసుపత్రి నర్సులు. ఆ తర్వాత పిల్లలతో వచ్చే కుటుంబాలు. వాళ్ళని తప్పుపట్టలేను. బయట తినాలంటే బట్టలు మార్చుకోవాలి, బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడాలి, పక్కబల్ల వాళ్ళ పిల్లాడి ఏడుపు వినాలి, ఇవన్నీ అయ్యాక నా మొహం చూడాలి. డబ్బాకైతే కాళ్ళకి చెప్పులు కూడా అక్కర్లేదు. ఆఖరికి మూడో నంబరు బల్ల దర్జీ కూడా మానేశాడు. ఆయన ఒంటరివాడు. పధ్నాలుగేళ్ళు రోజూ మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చుని తిన్నాడు. ఆయన రావడం ఆగిపోయిన వారానికి, హోటలు మూసేస్తున్నానని యజమాని చెప్పాడు.

సరిగ్గా అప్పుడే ఆ డబ్బాల కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. వాళ్ళ డబ్బాలన్నీ ఒకే రుచిగా ఉన్నాయని జనం అంటున్నారట. హోటల్లో వండినట్టున్న కూర ఒకటి కావాలట. యజమాని మా బావను చూపించాడు. ఒక శనివారం మేడమ్, ఇంకో ఇద్దరు కుర్ర ఉద్యోగులు తెల్లకోట్లు వేసుకుని మా వంటింట్లోకి వచ్చారు. ఆయన చేతిలోకి ఉప్పు తీసుకున్నా, "ఆగండి" అని ఆ ఉప్పు తూచారు. ఉల్లిపాయలు తూచారు. గుండిగ అడుగుకు ఒక తీగ అంటించారు. ఎంత వేడి ఎంతసేపు తగిలిందో ఆ తీగ ఒక పెట్టెలో గీత గీస్తుందట. బావ పళ్ళు బిగబట్టి అంతా భరించాడు. హోటలు మూస్తే ఏం చెయ్యాలో ఆయనకూ తెలియదు, మాలో ఎవరికీ తెలియదు.

ఇంకో పావుగంటలో కూర దిగుతుందనగా, గింజలు నిలవ చేసే గది చూపించమంది మేడమ్. బావ గరిటె నా చేతికిచ్చి, "ఆపకు" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

నేను ఆపాను. డిపో డ్రైవరొకడు కిటికీ దగ్గరకొచ్చి, హోటలు మూసేస్తున్నారటగా, నీ సంగతేమిటని అడిగాడు. నా సంగతి చెప్పుకోవాలంటే నాకు రెండు చేతులూ కావాలి. గరిటె గుండిగకు ఆనించి చెప్పుకున్నాను. మాడు వాసన ముక్కుకు తగిలింది. పైపైన వంచేసే పద్ధతి నాకు తెలుసు. వంచితే తప్పు చేశానని అందరికీ తెలిసిపోతుంది. పిరికితనం కొద్దీ అడుగు గోకేసి, కూర మొత్తం కలియబెట్టేశాను.

వాళ్ళు తిరిగొచ్చారు. మేడమ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఇంకో చెంచా తీసుకుంది.

"ఇదే. ఇదే మా డబ్బాల్లో లేనిది. పొయ్యి మీద ఎవరో మనిషి వండినట్టుంది" అంది.

బావ కూడా రుచి చూశాడు. నా వైపు తిరిగాడు. ఆ చూపుకు నేను గోడకు అతుక్కుపోయాను. మేడమ్‌కి ఏదో చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఈలోపే ఆవిడ, ఇలాంటి కూరే రోజూ వచ్చేలా చూసుకోవడానికి తమకొక మనిషి కావాలనీ, వారం లోపల చేరిపోవచ్చనీ చెప్పేసింది. తెరిచిన నోరు బావ మెల్లగా మూసుకున్నాడు. నీళ్ళు నమిలి, "సరేనండి" అన్నాడు. ఆ పూట నన్ను తిట్టలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ తిట్టలేదు. ఆయన కోపం పోయింది ఆ రోజే.

బావ సిఫారసు మీదే నాకు అదే కంపెనీలో బండి తోలే పని దొరికింది. ఫ్యాక్టరీ నుంచి డబ్బాలు ఎక్కించుకుని దుకాణాల్లో దించడం నా పని. బావ లోపల. ఆయన గది నేను ఒకసారే చూశాను, అద్దంలోంచి. తెల్ల గోడలు, ఒక స్టీలు బల్ల, ఒక స్టూలు, రుచికీ రుచికీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి గోరువెచ్చటి నీళ్ళు, ఉప్పు లేని రొట్టె ముక్కలు రెండు. తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. కిటికీ పెట్టించమని మొదటి ఏడాది అడిగితే, కిటికీ ఉంటే బయటి వాసనలు వస్తాయన్నారు.

పని ఇదీ. ఆ శనివారం కూరలో కొంత చిన్న చిన్న కప్పుల్లో గడ్డకట్టించి దాచారు. అది అయిపోయేలోపు దానికి సరిపోయిన ఇంకో వాయి ఎంచి దాస్తారు. పొద్దున్నే బావ అందులోంచి ఒక కప్పు వెచ్చబెట్టుకుని రుచి చూడాలి. తర్వాత ఆ రోజు వాయిల్లోంచి తెచ్చింది రుచి చూడాలి. రెండూ ఒకటే అయితే కాగితం మీద టిక్కు పెట్టాలి. రోజుకు పది, పన్నెండు వాయిలు. టిక్కు పడకుండా ఒక్క డబ్బా కూడా నా బండి ఎక్కదు. ఆ రుచి చెడకూడదని ఇంట్లో కారం లేదు, పచ్చడి లేదు, టీ లేదు, పెళ్ళిళ్ళకు వెళ్ళినా పెరుగన్నమే. వంటింట్లోకి అసలు వెళ్ళడు. పోపు వాసన ఒంటికి పట్టుకుంటే మర్నాటి పని చెడుతుందట. అక్క చప్పిడి కూరలు వండి, తనూ అవే తినేది.

ఫ్యాక్టరీలో ఆ కూరకు తొమ్మిది మెట్లు. ఏడో మెట్టు పేరు 'అడుగు పట్టించుట, నలభై సెకన్లు.' ఆ తీగ గీసిన గీతలో వేడి ఒకచోట పైకి లేచిందట, నలభై సెకన్లు. నేను డ్రైవరుతో మాట్లాడిన మాటల్లో ఆఖరి నలభై సెకన్లన్నమాట. దాని కోసం వాళ్ళు ప్రత్యేకంగా ఒక యంత్రం చేయించారు. ఈ సంగతి బావ చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

చేరిన కొత్తలో ఆయన మేడమ్ దగ్గరకు రెండుసార్లు వెళ్ళాడు. ఏడో మెట్టు తీసేయండి, అది పొరపాటున వచ్చింది, తీసేస్తే కూర ఇంకా బాగుంటుంది అని చెప్పాడు. ఆవిడ మంచి మనిషి. కోప్పడలేదు. ఏది ఏదో చెప్పకుండా రెండు రకాలూ వందమంది చేత తినిపించింది. మాడిన దానికి ఎనభై ఒక్కమంది చెయ్యెత్తారు. "చూశారుగా, మీ కూర సంగతి మీకంటే జనానికే బాగా తెలుసు" అందట. ఆ తర్వాత బావ అడగలేదు. జీతం వేళకు వచ్చేది, ఆదివారం సెలవు, ఎండలో నిలబడక్కర్లేదు, పొగ పీల్చక్కర్లేదు. ఎవరైనా ఎలా ఉందని అడిగితే ఇవన్నీ వరసగా అప్పజెప్పేవాడు. అలా పదకొండేళ్ళు గడిచాయి.

ఒక సోమవారం దర్జీ కొట్టు పక్క దుకాణంలో డబ్బాలు దించుతుంటే, దర్జీ నన్ను కేకేసి పిలిచాడు. ఆయన వారానికి సరిపడా డబ్బాలు సోమవారమే కొనుక్కుంటాడని నాకు తెలుసు.

"పదకొండేళ్ళ నుంచి గోడ చూస్తూ తింటున్నానయ్యా. ఇంక నావల్ల కాదు" అన్నాడు. రెడీమేడ్ చొక్కాలొచ్చి ఆయన కొట్టు ముందుగది ఖాళీ చేశాయి. కుట్టు మిషన్లు నాలుగుండేవి, ఒకటి మిగిలింది. ఆ ముందుగదిలో నాలుగు బల్లలు వేయిస్తానన్నాడు. అద్దె వద్దన్నాడు. "మీ బావను వచ్చి వండమను. కానీ నా ఒక్కడి మాట మీద ఉద్యోగం మానుకోవద్దను. వచ్చే ఆదివారం మా వీధిలో వాళ్ళని పన్నెండుమందిని పిలుస్తాను. వాళ్ళు తిని, మళ్ళీ వస్తామంటే అప్పుడు బల్లలు చేయిద్దాం."

ఈ మాట చెబుతుంటే బావ చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. తాగడం మర్చిపోయాడు. పాత గుండిగ ఏమైందని అడిగాడు. హోటలు సామాను అమ్మేసేటప్పుడు దాన్ని నేనే తెచ్చుకుని మా మేడ మీద నీళ్ళకు వాడుకుంటున్నాను. తెస్తే, రెండు గంటలు కూర్చుని చింతపండు పెట్టి తోమాడు. గురువారం రాజీనామా రాసుకున్నాడు. నాకు చదివి వినిపించాడు, నాలుగే వాక్యాలు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం బాగా జరిగితే సోమవారం ఇచ్చెయ్యడం. అక్క నన్ను పక్కకు పిలిచి మెల్లగా అంది:

"ఒరేయ్, ఈయన మళ్ళీ నా మీద ఒక్కసారి అరిస్తే బావుణ్ణురా."

ఆదివారం పొద్దున్నే దర్జీ కొట్టు వెనక వరండాలో పొయ్యి పెట్టాం. బావ ఏదీ తూచలేదు. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని, ఒకసారి చూసుకుని, వేసేశాడు. ఉల్లిపాయలు వేగుతుంటే ఆయన భుజాలు కాస్త విచ్చుకున్నాయి. గరిటె నేను ముట్టుకోను బాబూ అని చెప్పి నేను దూరంగా స్టూలు మీద కూర్చున్నాను. నవ్వాడు. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ముందుగదిలో బెంచీల మీద సర్దుకుంటున్నారు. దర్జీ తన పాత అలవాటు ప్రకారం మూడో బెంచీ మీద కూర్చున్నాడు.

గుండిగ చప్పుడు బరువెక్కింది. సర్వర్నే అయినా ఇన్నేళ్ళు ఆ చప్పుడు మధ్య బతికినవాణ్ణి, నాకూ తెలుస్తుంది. రెండు గుడ్డలు ఆయన పక్కనే ఉన్నాయి. ఆయన తీసుకోలేదు. కాస్త చేతిలో వేసుకుని రుచి చూశాడు.

"ఇంకా రాలేదు" అన్నాడు.

అక్క వచ్చి చూసింది. "వచ్చేసిందండీ. దించెయ్యండి."

"లేదు. ఏదో తక్కువుంది."

ఉప్పు చూశాడు, సరిపోయింది. ఇంకో టమాటా నలిపి వేశాడు. మళ్ళీ రుచి చూసి తల అడ్డంగా ఊపాడు. కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆయన దేని కోసం ఆగాడో నాకు అప్పుడు అర్థమైంది, ఆయనకు అర్థం కాలేదు. చెప్పాలని లేచాను. ఏమని చెప్పను? ఇరవై రెండేళ్ళు వండిన మనిషికి సర్వరు వెళ్ళి దించమని చెప్పాలా? నేను గొంతు సవరించుకునేలోపే మాడు వాసన వచ్చింది.

బావ ముఖం తేటబడింది. గరిటెతో అడుగు గోకి, కలియబెట్టి, రుచి చూశాడు. "ఇప్పుడొచ్చింది" అన్నాడు. గుండిగ దించాడు.

వీధివాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు. రెండోసారి వడ్డించమన్నారు. ఎదురింటావిడ, అచ్చం డబ్బాలో కూరలా ఉంది మాస్టారూ, అంత బాగా కుదిరింది అని మెచ్చుకుంది. అందరూ అవునన్నారు. వాళ్ళు నిజంగా మెచ్చుకునే అన్నారు, అందులో వెటకారం లేదు. బావ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

దర్జీ రెండు ముద్దలు తిని ఆపేశాడు. అందరూ వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత బావ ఎదురుగా వచ్చి కూర్చుని, కంచం అంచు తుడిచాడు.

"మాస్టారూ, ఇది నా ఫ్రీజర్లో ఉంది. దీనికోసం వాళ్ళు ఇల్లు దాటి ఎందుకొస్తారు? నేను ఆ పాత కూర అడిగాను."

బావ లేచి గుండిగ దగ్గరకెళ్ళాడు. ఒంగి వాసన చూశాడు. అడుగున నల్లగా అంటుకున్నది గోరుతో గీకి చూసుకున్నాడు. అక్క పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగొస్తుంటే గుండిగ ఒక చెవి ఆయన పట్టుకున్నాడు, ఒక చెవి నేను. సగం దారి వచ్చాక నేను ఉండబట్టలేకపోయాను.

"బావా, ఆ రోజు నేను గరిటె ఆపాను."

"తెలుసు."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే నువ్వు నన్ను అడుగుతావుగా. తెలిసీ నోరెందుకు మూసుకున్నావు బావా అని."

గుండిగ ఖాళీదే, అయినా మిగతా దారిలో రెండుసార్లు కింద పెట్టి చేతులు మార్చుకున్నాం.

సోమవారం ఆయన మామూలుగానే కార్డు పెట్టి లోపలికెళ్ళాడు. మొదటి వాయికి టిక్కు పెట్టడానికి రోజూ ఐదు నిమిషాలు పడుతుంది. ఆ రోజు నలభై నిమిషాలు నా బండి ఖాళీగా నిలబడింది. కూరలో ఏదో తేడా ఉందన్నాడట. సూపర్‌వైజరు వచ్చాడు, యంత్రం చూశారు, గీతలు చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కప్పులోది ఇంకోసారి రుచి చూడండి అన్నారట. చూసి, టిక్కు పెట్టాడు. జేబులో రాజీనామా కాగితం ఆ చొక్కాతో పాటే అక్క బకెట్లో నానబెట్టేసింది. ఉతుకుతుంటే ముద్దలా చేతికి తగిలిందట. ఆయన అడగలేదు, అక్క చెప్పలేదు.

దర్జీ ముందుగది ఇంకా ఖాళీగానే ఉంది. ఆయన ఇప్పటికీ సోమవారం డబ్బాలు కొంటాడు. నేనే దించుతాను.

కానీ ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం బావ ఇంట్లో కూర వండుతున్నాడు. ఒంటికి వాసన పట్టుకుంటే పట్టుకోనీ అంటాడు. అన్నీ తనే చేస్తాడు, దించడం తప్ప. చివర్లో రెండు గుడ్డలూ చేతుల్లో పట్టుకుని అక్క వైపు తిరిగి నిలబడతాడు. అక్క గుండిగ దగ్గర చెవి పెట్టి వింటుంది. "దించండి" అంటుంది. వెంటనే దించేస్తాడు. ఒక్క క్షణం కూడా ఆగడు.

పోయిన వారం నన్నూ పిలిచారు. వంటింట్లోంచి ముందుగదిలోకి ఆ చప్పుడు నాకూ వినిపించింది. కంచంలో వేసుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాను. అదే కూర. డిపో హారన్లతో సహా మా తొమ్మిది బల్లలూ నా కళ్ళ ముందుకొచ్చాయి. బావ నాలుగు ముద్దలు తిని, చెయ్యి ఆపి, ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఏదో తక్కువగా ఉందని ఆయన ముఖమే చెబుతోంది.

"నీకెలా ఉందిరా?" అని అడిగాడు.

"అదే బావా. అచ్చం మన హోటల్లో కూరే."

నా ముఖంలోకి కాసేపు చూశాడు. నేను అబద్ధం చెప్పడం లేదని తెలిసింది.

"అయితే బాగానే ఉండుంటుంది" అన్నాడు. కంచంలో మిగిలింది కూడా కలుపుకుని తిన్నాడు.